దమ్ము రోజులలో ట్రాక్టరు వేడెక్కకుండ కాపాడుకొనుట



సస్యశాస్త్రం బోధించేవాడు ఎరువుల గూర్చియో, నారుమళ్ళ గూర్చియో చెప్పక ట్రాక్టరు రేడియేటరు గూర్చి మాట్లాడనేల అని మీలో కొందరికి తోచవచ్చును. కారణం చెబుతాను. ఈనాడు అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో ఎటు చూచినా దమ్ము పని ట్రాక్టరు మీదను, పవర్ టిల్లరు మీదను ఆధారపడి ఉన్నది. అరక కట్టే ఎడ్లు బహు అరుదు. కాలువకు నీరు వదలగానే అందరికీ ఒక్కసారే బండి కావలెను. ఆ పది పదిహేను రోజులలో ఒక్క బండి నిలిచిపోతే, దాని కోసం వరుసలో ఉన్న రైతులందరి నారూ ముదిరిపోతుంది.

ముదిరిన నారు నాటితే పిలకలు తగ్గుతవి. స్వర్ణ వంటి 150 రోజుల రకమైతే కోత వెనుకబడి, తుపానులు వచ్చే రోజులలో చేను పొలంలోనే నిలిచి ఉంటుంది. 1996 నవంబరు 6వ తేదీ తుపానును కోనసీమ పెద్దలెవరూ మరచిపోలేదు. సార్వా వెనుకబడితే దాళ్వా వెనుకబడును. దాళ్వా వెనుకబడితే కాలువలు కట్టేనాటికి గింజ ఇంకా పాలు పోసుకొనే దశలోనే ఉంటుంది. కాబట్టి ఇంజనులో నీరు చూచుకొనుట కూడ సేద్యంలో భాగమే.

నేను చూచిన ఒక సంగతి

నేను విద్యార్థిగా ఉన్న రోజులలో ఒకసారి రాజోలు దగ్గర మా మేనమామగారి ఊరు వెళ్ళాను. దమ్ము సాగుతున్నది. మిట్టమధ్యాహ్నం బానెట్టు సందుల నుండి ఆవిరి లేచింది. డ్రైవరు గాభరాపడి ఇంజను ఆపివేసి, రేడియేటరు మూత మీద చేయి వేయబోయాడు. మామయ్య కేక వేసి ఆపారు. అంతవరకు మంచిదే. కాని ఆ తరువాత మేమంతా కలిసి చేసిన పని మంచిది కాదు. బోదెలోని నీరు బిందెలతో ముంచి ఇంజను మీద గుమ్మరించాము. బిందె అందించినవాడను నేనే. ‘టక్’ మని ఒక చిన్న శబ్దం వినిపించింది. ఆ శబ్దంతో హెడ్డు చిట్లిపోయింది.

కొత్త హెడ్డు వచ్చి బండి మరల కదలడానికి పన్నెండు రోజులు పట్టింది. మామయ్య పొలంతోపాటు ఆ బండినే నమ్ముకొన్న మరి నలుగురి నారు మడిలోనే ముదిరి పసుపెక్కింది. “డబ్బు పోతే పోయింది, ఆ నలుగురికీ ముఖం చూపలేకపోయానురా” అని ఆయన చాలాకాలం అనేవారు. తీరా చూస్తే మూలకారణం ఏమిటి? రేడియేటరు ముందు భాగాన ఎండిన బురదయు, కొబ్బరి పీచును అట్టకట్టి గాలి ఆడకుండ చేసినవి. ఒక మెత్తని బ్రష్షు, రెండు బకెట్ల నీరు, పది నిమిషాల శ్రమ – ఇంతే కావలసినది.

ఇంజనుకు వేడి ఎక్కడిది?

మనం పోసిన డీజిలు కాలినప్పుడు పుట్టే శక్తిలో సుమారు మూడవ వంతు మాత్రమే చక్రాలను త్రిప్పుతుంది. మరి యొక మూడవ వంతు పొగగొట్టం గుండ పోతుంది. మిగిలినదానిలో ఎక్కువ భాగం ఇంజను ఇనుములోనికి దిగుతుంది. దానిని ఎప్పటికప్పుడు బయటికి తరలించకపోతే పిస్టను బిగుసుకొనును, హెడ్డు వంగును. ఈ తరలింపు పని చేసేది నీరు. వాటరు పంపు ఆ నీటిని సిలిండర్ల చుట్టూ త్రిప్పి రేడియేటరులోనికి పంపుతుంది. సన్నని గొట్టాలలో అది దిగుతూ ఉండగా ఫ్యాను గాలి దాని వేడిని లాగుకొంటుంది. చల్లబడిన నీరు మరల ఇంజనులోనికి పోతుంది.

మొదటి మోటారు బండ్లకు ఈ ఏర్పాటు లేదు. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆమె తన భర్త తయారుచేసిన బండి మీద ఇద్దరు కుమారులతో మాన్‌హైము నుండి ఫోర్ట్‌స్‌హైముకు సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణం చేసినది. ఆ బండిలో నీరు మరగి ఆవిరై పోవుటయే చల్లబరచే పద్ధతి. అందుచేత దారి పొడుగునా ఆగి ఆగి నీరు పోసుకొనవలసి వచ్చినది. నేటి ట్రాక్టరులో నీరు మూతపెట్టిన పాత్రలో వలె తిరుగుతూ ఉంటుంది. అది తరిగిపోరాదు. మీ బండికి రోజూ నీరు పోయవలసి వస్తున్నదంటే అది అలవాటు కాదు, జబ్బు. ఎక్కడో కారుతున్నది, లేదా లోపల కాలిపోతున్నది. వెదకి బాగుచేయించవలెను.

రేడియేటరు మూతను కూడ చిన్నచూపు చూడరాదు. అది కేవలం చెత్త పడకుండ కప్పినది కాదు. మన కోనసీమ సముద్రమట్టానికి దగ్గర గనుక మామూలు నీరు ఇక్కడ 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగుతుంది. మూతలోని స్ప్రింగు లోపలి పీడనాన్ని నిలిపి ఉంచుతుంది. మూత మీద 0.9 అని అంకె ఉంటే, ఆ పీడనంలో నీరు సుమారు 118 డిగ్రీల వరకు మరగకుండ నిలుస్తుంది. మూతలోని రబ్బరు చివికినా, స్ప్రింగు సడలినా నీరు ముందుగానే మరగిపోవును. కొత్త మూత కొనేటప్పుడు అదే అంకె గలదానిని కొనవలెను.

నీరంతా ఒకటి కాదు

గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల మధ్య ఉన్న మనకు నీటి కరువేమిటి అనిపించును. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువ నీరు మన గడపలకే వచ్చింది. అయినా ఇంజనుకు పనికివచ్చే నీటిని మాత్రం మనం ఏరి తెచ్చుకొనవలసినదే.

వరద రోజులలో కాలువకు వచ్చే ఎర్రనీటిలో ఒండ్రు ఉంటుంది. పొలానికి అది మేలు. ఇంజనులోనికి పోతే అడుగున పేరుకొని రేడియేటరు గొట్టాలను పూడ్చివేస్తుంది. బోరు నీరు చాలాచోట్ల గట్టినీరు. సబ్బు సరిగా నురగ రాదు, కాచిన పాత్ర అడుగున తెల్లని పొర కడుతుంది. అదే పొర ఇంజను లోపలా కడుతుంది. ఆ సున్నపు పొర ఇనుము కంటె అనేక రెట్లు తక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. అందుచేత నీరు నిండుగా ఉన్నా ఇనుము మాత్రం కాగిపోతూ ఉంటుంది.

అన్నిటికంటె చెడ్డది ఉప్పునీరు. సఖినేటిపల్లి, మలికిపురం, అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన మండలాలలో సముద్రం చేరువనున్న గ్రామాల వారు ఈ మాట ప్రత్యేకంగా గుర్తుంచుకొనవలెను. మురుగు కాలువ నీరు, రొయ్యల చెరువు నీరు రేడియేటరులో ఒక్కసారి కూడ పోయరాదు. ఉప్పు ఇనుమును తినివేస్తుంది. నేటి బండ్లలో ఎక్కువగా వాడే అల్యూమినియమును ఇంకా త్వరగా తినివేస్తుంది. దారిలో నీరు దొరకక కొబ్బరినీళ్ళు పోద్దామని కొందరికి ఆలోచన కలుగవచ్చును. అందులోనూ లవణాలు, చక్కెర ఉన్నవి. కొబ్బరినీళ్ళు మనిషికి చలువ గాని ఇంజనుకు కాదు.

మరి ఏ నీరు పోయవలెను? బ్యాటరీలకు వాడే డిస్టిల్డు నీరు అన్నిటికంటె మంచిది. అది దొరకనిచో, ఒకటి రెండు వానలు కురిసి కప్పు కడిగిన తరువాత శుభ్రమైన పాత్రలో పట్టి, గుడ్డలో వడకట్టిన వాననీరు వాడవచ్చును. గ్రామాలలో అమ్మే ఆర్.ఓ. నీరు కూడ బోరునీటి కంటె మేలే. అయితే ఏ నీరైనను ఒంటిగా పోయక కూలెంటు కలిపి పోయవలెను.

కూలెంటు మనకెందుకు?

“అది మంచు పడే దేశాల వారికి గదా, మనకెందుకు?” అని అడుగువారు కలరు. గడ్డకట్టకుండ కాపాడుట దాని గుణాలలో ఒకటి మాత్రమే. మనకు అక్కరకు వచ్చేవి వేరే మూడు ఉన్నవి. మొదటిది, అందులో కలిపిన మందులు ఇనుమును, అల్యూమినియమును త్రుప్పు నుండి కాపాడును. రెండవది, నీటికి సమపాళ్ళలో కలిపితే మరగే వేడి కొన్ని డిగ్రీలు పెరుగును. మూడవది, డీజిలు ఇంజను లైనరు నడకలో అదురుతూ ఉంటుంది. ఆ అదురుకు నీటిలో సూక్ష్మమైన బుడగలు పుట్టి, పగిలి, లైనరుకు పిన్నుమొనంత గుంటలు పడును. ఆ గుంట రంధ్రమైతే నీరు ఆయిలులో కలిసిపోవును. కూలెంటులోని మందు లైనరు మీద పలుచని పొరగా నిలిచి దీనిని అరికట్టును.

ఎంత కలపవలెనో మీ బండితో వచ్చిన పుస్తకంలో చూచుకొనండి. సాధారణంగా కూలెంటు సగం, నీరు సగం. ఎక్కువ పోస్తే ఎక్కువ మేలని తలచరాదు. కూలెంటు నీటికంటె తక్కువ వేడిని మోస్తుంది గనుక మితిమీరితే కీడే. డబ్బాలో ముందే నీరు కలిపి అమ్మే రకానికి మరల నీరు కలపరాదు. రంగు చూచి రకం నిర్ణయించరాదు. ఒకే రంగులో వేర్వేరు మందులు ఉండవచ్చును. రెండు రకాలు కలిపితే ఒకదాని గుణం మరొకటి చెరుచును, కొన్నిచోట్ల జిగురువలె అడ్డుపడును. కొన్ని రకాలు రెండేళ్ళకు, కొన్ని ఐదేళ్ళ వరకు పనిచేయును. డబ్బా మీద వ్రాసిన గడువు దాటనీయరాదు.

ఒక హెచ్చరిక. సామాన్యంగా దొరికే కూలెంటులో ఇథిలీను గ్లైకాలు ఉన్నది. అది విషము, పైగా తియ్యగా ఉంటుంది. అందుచేతనే పిల్లలు, కుక్కలు, దూడలు దానిని తాగే ప్రమాదం ఉన్నది. కూల్‌డ్రింకు సీసాలలో దానిని ఎన్నడూ నిలువ చేయకండి. దింపిన పాత కూలెంటును బోదెలో గాని, కాలువలో గాని, చెరువు గట్టున గాని పారబోయరాదు. మన గ్రామాల మంచినీటి చెరువులు నిండేది ఆ కాలువల నుండియే గదా! మూతగల డబ్బాలో పోసి వర్కుషాపు వారికి అప్పగించండి. పొరపాటున ఎవరైనా తాగితే లక్షణాల కోసం ఎదురుచూడక, ఆ డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.

ప్రతి ఉదయం పది నిమిషాలు

ఇంజను చల్లగా ఉన్నప్పుడు, బండి సమతలం మీద నిలిపి ఈ పనులు చేయవలెను.

1. పక్కన ప్లాస్టికు డబ్బా ఉన్న బండిలో కూలెంటు రెండు గీతల మధ్య ఉన్నదా చూడవలెను. డబ్బా లేని బండిలో మూత తీసి, అంచుకు అంగుళం క్రింద వరకు ఉన్నదా చూడవలెను.

2. రేడియేటరు ముందు ఉన్న జాలీ తీసి దులపవలెను. దమ్ములో దమ్ముచక్రాలు చిమ్మే బురద, కోత రోజులలో ఊక, తోటలలో పీచు రెక్కల మధ్య ఇరుకుకొనును. నీటిని ఇంజను వైపు నుండి ముందుకు, మెల్లగా కొట్టవలెను. వాటరు సర్వీసు గొట్టంతో దగ్గరగా గట్టిగా కొడితే సన్నని రెక్కలు వంగి గాలి దారి మూసుకొనిపోవును. దమ్ము రోజులలో మధ్యాహ్నం భోజనవేళ, ఇంజను చల్లారిన తరువాత మరియొకసారి చూచుట మంచిది.

3. ఫ్యాను బెల్టును రెండు చక్రాల నడుమ బొటనవ్రేలితో నొక్కవలెను. సుమారు ఒక సెంటీమీటరు నుండి ఒకటిన్నర వరకు దిగితే చాలును. అంతకంటె ఎక్కువ దిగితే జారుచున్నదని అర్థం. మరీ బిగిస్తే పంపు బేరింగు చెడును.

4. రబ్బరు గొట్టాలు ఉబ్బినవా, పగుళ్ళు తీసినవా, బండి క్రింద తడి ఉన్నదా చూడవలెను. ఇంజను ఆయిలు మట్టము కూడ చూడవలెను. ఆయిలు తగ్గినా ఇంజను వేడెక్కును.

సార్వా మొదలుకాకముందు ఏడాదికొకసారి మూత రబ్బరు, గొట్టాలు, బెల్టు మెకానిక్కుకు చూపించుకొనండి. పాత కూలెంటు దింపినప్పుడు తేటనీరు వచ్చేవరకు లోపల కడిగించి కొత్తది పోయించండి.

మరగినప్పుడు ఏమి చేయవలెను?

మీటరు ముల్లు ఎర్రగీత వైపు జరుగుట, ఇంజను లాగలేకపోవుట, వేడి వాసన – ఇవి ఆవిరి రాకముందే కనిపించే గురుతులు. డ్రైవరు అయిదు నిమిషాలకొకసారైనా ముల్లు వంక చూచే అలవాటు చేసుకొనవలెను. ముల్లు ఎక్కినప్పుడు “ఈ మడి పూర్తిచేసి ఆపుదాం” అనుకొనరాదు. ఇంజను చెడేది ఆ చివరి మడిలోనే.

మొదట బరువు తగ్గించండి. రోటావేటరు పైకి లేపి, పి.టి.ఓ. విడదీసి, బండిని నీడకో గట్టుకో చేర్చండి. బెల్టు తెగక, నీరు కారిపోక ఉన్న యెడల ఇంజనును న్యూట్రలులో తక్కువ వేగంతో రెండు మూడు నిమిషాలు నడవనీయండి. పంపు, ఫ్యాను తిరుగుతూ ఉండుటచేత వేడి మెల్లగా దిగును. ఒక్కసారిగా ఆపితే నీటి కదలిక ఆగి, ఇనుములోని వేడి అంతా అక్కడనే నిలిచిన నీటిని మరగించును. అయితే బెల్టు తెగినా, గొట్టం పగిలి నీరంతా పోయినా, ఆయిలు దీపం వెలిగినా, ముల్లు ఇంకా పైకే పోవుచున్నా వెంటనే ఆపివేయవలెను.

తరువాత కనీసం అరగంట, అవసరమైతే గంట, ఓపిక పట్టవలెను. వేడి మూత తీయుట ప్రాణాపాయం. లోపలి పీడనం పోయిన క్షణంలో వంద డిగ్రీలు దాటిన నీరు ఆవిరిగా ముఖం మీదికి చిమ్మును. పై గొట్టాన్ని చేతితో పట్టుకొనగలిగినంత చల్లారిన తరువాతనే, మందపు గోనెపట్టా నాలుగు మడతలు వేసి మూత మీద కప్పి, ముఖం ప్రక్కకు త్రిప్పి, మొదటి మెట్టు వరకు మాత్రం త్రిప్పండి. బుస్సుమను శబ్దం పూర్తిగా ఆగిన తరువాత మూత తీయండి. పక్కన పిల్లలు ఉండరాదు.

కాగిన ఇంజను మీద గాని, లోపల గాని చన్నీళ్ళు పోయరాదు. మా మామయ్యగారి హెడ్డు సంగతి మీకు చెప్పియే ఉన్నాను. చల్లారిన తరువాత ఇంజను మెల్లగా నడుపుతూ కొద్దికొద్దిగా పోయవలెను. గత్యంతరం లేనప్పుడు గుడ్డలో వడకట్టిన కాలువ నీరు పోసి ఇల్లు చేరవచ్చును. కాని ఆ వారంలోనే కడిగించి మరల కూలెంటు పోయించవలెను. ఉప్పునీరు తప్ప దగ్గర ఏదీ లేకుంటే, బండిని అక్కడనే ఉంచి మంచినీటి కోసం నడిచిపోవుటయే లాభం.

నీరు పోసిన తరువాత రేడియేటరులో ఆగకుండ బుడగలు వచ్చినా, పొగగొట్టం నుండి తెల్లని పొగ విడువక వచ్చినా, ఆయిలు పాలు కలిపిన టీ రంగులో కనిపించినా హెడ్డు గాస్కెట్టు పోయినదని అనుమానించవలెను. ఇక బండి నడుపరాదు.

థర్మోస్టాటు తీసివేయకండి

బండి వేడెక్కుచున్నదని థర్మోస్టాటును తీసి పారవేయించే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. ఇది సరికాదు. అది సుమారు 80 డిగ్రీల వద్ద తెరుచుకొనే తలుపు. ఇంజను త్వరగా తగినంత వేడికి చేరుటకు అది అవసరం. అది లేకుంటే ఇంజను చల్లగా నడిచి డీజిలు ఎక్కువ తాగును, కాలని డీజిలు ఆయిలులో కలిసి సిలిండర్లు త్వరగా అరిగిపోవును. అనుమానం ఉంటే దానిని తీసి, నీటిలో వ్రేలాడదీసి వేడిచేసి చూడవచ్చును. తెరుచుకొననిచో కొత్తది వేయించండి. ఆ పరీక్షకు వంటపాత్ర మాత్రం వాడకండి, దానికి కూలెంటు అంటి ఉంటుంది.

లంక తోటలలో నూనె ఇంజన్లు

లంకలలో అరటికి, కొబ్బరికి నీరు తోడే పాత రకం నూనె ఇంజన్లకు రేడియేటరు ఉండదు. పంపు తోడిన నీటిలోనే ఒక చిన్న పాయ ఇంజను చుట్టూ తిరిగి బయటికి పోవును. అక్కడ నీరు పీల్చే చోట జాలీ కట్టి ఆకు, ఇసుక రాకుండ చూడవలెను. బయటికి వచ్చే నీరు చన్నీళ్ళవలె ఉండుట మంచిదని కొందరు తలచుదురు. అది పొరపాటు. మరీ చల్లగా నడిచే సిలిండరులో పొగలోని గంధకపు ఆవిరి ఆమ్లమై లోపలి గోడను తినివేయును. బయటికి వచ్చే నీరు చేయి పెడితే చురుక్కుమనేటంత వేడిగా ఉండునట్లు పాయను సవరించుకొనవలెను. ఆ ధార సన్నబడినదంటే దారిలో ఏదో అడ్డుపడినదని తెలిసికొని వెంటనే ఇంజను ఆపవలెను.

సోదరులారా, ఇందులో పెద్ద ఖర్చుతో కూడినది ఏదీ లేదు. మంచి నీరు, తగిన కూలెంటు, శుభ్రమైన రేడియేటరు, బిగువైన బెల్టు, వేడెక్కినప్పుడు అరగంట ఓపిక – ఇవి అయిదు. దమ్ము రోజులలో తెల్లవారుజామున పశువుల కొట్టం ఊడ్చి కుడితి పెట్టిన తరువాతనే మన పెద్దలు అరక కట్టేవారు. ఈనాడు ఎడ్లు లేవు గాని ఆ వరుస మారరాదు. ముందు బండి సంగతి చూచి, తరువాతనే పొలంలోనికి దిగవలెను. మీ బండిని నమ్ముకొని నారు పోసినవారు మరి నలుగురు ఉన్నారని మరువకండి.

సార్వా పని సకాలంలో సాగి, మీ కల్లాలు నిండవలెనని కోరుతూ, నమస్కారం.